హైదరాబాదు - జెద్దా దూరం, విమాన ప్రయాణ కాలం

హైదరాబాదు నుండి సౌదీ అరేబియాలోని జెద్దా నగరానికి ఆకాశమార్గాన దూరం సుమారు 4,130 కిలోమీటర్లు (సుమారు 2,230 నాటికల్ మైళ్ళు). నేరుగా వెళ్ళే విమానానికి హైదరాబాదు నుండి జెద్దా చేరడానికి సుమారు 5 గంటల 30 నిమిషాల నుండి 6 గంటల వరకు పడుతుంది. తిరుగు ప్రయాణానికి సుమారు 5 గంటల నుండి 5 గంటల 20 నిమిషాలు చాలును. రెండు నగరాల గడియారాల మధ్య వ్యత్యాసం 2 గంటల 30 నిమిషాలు. హైదరాబాదు పాతబస్తీ నుండి హజ్, ఉమ్రా యాత్రలకు వెళ్ళేవారికి, ఉద్యోగాలకై గల్ఫ్ దేశాలకు వెళ్ళే కుటుంబాలకు ఇది ముఖ్యమైన మార్గం. దూరం మారకపోయినా ప్రయాణ కాలం మాత్రం దిశను బట్టి, ఋతువును బట్టి మారుతూ ఉంటుంది. దీనికి ప్రధాన కారణం గాలులు.

చారిత్రక నేపథ్యం

పాతబస్తీకి, అరబ్బు దేశాలకు మధ్య రాకపోకలు విమానాలకన్నా చాలా పాతవి. 1591లో చార్మినారు నిర్మాణంతో హైదరాబాదు నగరం రూపుదిద్దుకొన్నది. కుతుబ్‌షాహీల కాలంలో రాజ్యానికి ప్రధాన రేవు మచిలీపట్నం. 17వ శతాబ్దంలో అక్కడి నుండి ఎర్ర సముద్ర తీరంలోని మోఖా వంటి రేవులకు ఓడలు నడిచేవి. చార్మినారు సమీపంలోని మక్కా మసీదు నిర్మాణంలో మక్కా నుండి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలను వాడారని, ఆ పేరు అందువల్లనే వచ్చినదని ప్రతీతి. చాంద్రాయణగుట్ట సమీపంలోని బార్కస్ ప్రాంతంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చి నిజాము సైన్యంలో పనిచేసిన అరబ్బుల సంతతివారు నేటికీ నివసిస్తున్నారు. ఆ ప్రాంతానికి బార్కస్ అనే పేరు సైనికుల బారకాసుల వల్ల వచ్చినది.

తెరచాప ఓడల కాలంలో ప్రయాణాన్ని నిర్ణయించినవి ఋతుపవనాలు. అరేబియా నుండి భారతదేశానికి రావడానికి నైరుతి గాలులు, తిరిగి వెళ్ళడానికి ఈశాన్య గాలులు అనుకూలించేవి. గాలి తప్పిన ఓడ తిరిగి అనుకూలమైన గాలి వచ్చే వరకు నెలల తరబడి రేవులో వేచి ఉండవలసి వచ్చేది.

1874లో వాడి - సికింద్రాబాదు రైలుమార్గం ప్రారంభమైన తరువాత హైదరాబాదు సంస్థానపు యాత్రికులు బొంబాయి వరకు రైలులో వెళ్ళే వీలు కలిగినది. వాడి, గుల్బర్గా, షోలాపూరు, పూణేల మీదుగా బొంబాయి దాదాపు 800 కి.మీ. అక్కడి నుండి జెద్దాకు సముద్రమార్గం సుమారు 4,300 కి.మీ. గంటకు 12 నాటికల్ మైళ్ళ వేగంతో నడిచే ఆవిరి ఓడకు ఈ దూరం దాటడానికి ఎక్కడా ఆగకపోయినా 8 రోజులు పట్టేది. దీనికి తోడు అంటువ్యాధుల భయం వల్ల 1882 నుండి ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో యాత్రికులను కొన్ని రోజులు నిలిపి ఉంచే ఏర్పాటు ఉండేది. బొంబాయి నుండి యాత్రికుల ఓడలను నడిపిన సంస్థలలో మొఘల్ లైన్ ప్రసిద్ధమైనది. ముంబై - జెద్దా హజ్ ఓడల ప్రయాణం 1995లో నిలిచిపోయినది. ఆ తరువాత భారతదేశపు హజ్ యాత్ర పూర్తిగా విమానాలపైనే సాగుతున్నది.

మక్కా చేరిన పూర్వపు హైదరాబాదు సంస్థాన ప్రాంతపు యాత్రికుల బస కోసం నిజాముల కాలంలో అక్కడ రుబాత్ అనే వసతి గృహాలు ఏర్పడినవి.

దూరాన్ని లెక్కించే పద్ధతి

భూమి గుండ్రంగా ఉన్నందున దాని ఉపరితలంపై రెండు ప్రదేశాల మధ్య అతి తక్కువ దూరాన్ని సరళరేఖపై కాక, మహావృత్తంపై కొలుస్తారు. భూకేంద్రం గుండా పోయే తలం భూమిని ఖండించినపుడు ఏర్పడే వృత్తమే మహావృత్తం. భూమధ్యరేఖ మహావృత్తమే. కానీ తక్కిన అక్షాంశ రేఖలు మహావృత్తాలు కావు.

శంషాబాదు విమానాశ్రయం సుమారు 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. జెద్దా విమానాశ్రయం సుమారు 21.68 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 39.16 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఈ రెండు బిందువులు భూకేంద్రం వద్ద చేసే కోణం సుమారు 37.2 డిగ్రీలు. మహావృత్తంపై ఒక డిగ్రీకి సుమారు 111.2 కి.మీ. గనుక, రెంటినీ గుణిస్తే సుమారు 4,130 కి.మీ. వస్తుంది.

ఈ మార్గంలో ఒక విశేషమున్నది. జెద్దా హైదరాబాదుకన్నా నాలుగు డిగ్రీలకు పైగా ఉత్తరాన ఉన్నది. హైదరాబాదు నుండి బయలుదేరే మహావృత్త రేఖ పడమర నుండి సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి వాలి ఉంటుంది. కానీ జెద్దా నుండి హైదరాబాదుకు బయలుదేరే రేఖ మొదట దాదాపు సరిగ్గా తూర్పు దిక్కుకే ఉంటుంది. ఆ తరువాత క్రమంగా దక్షిణానికి తిరుగుతుంది. గోళంపై దారాన్ని బిగించి లాగి చూచిన విద్యార్థులకు ఇది సులభంగా బోధపడుతుంది. నమాజు దిశ అయిన ఖిబ్లాను లెక్కించేది కూడా ఈ మహావృత్త సూత్రంతోనే. చార్మినారు వద్ద ఖిబ్లా సరిగ్గా పడమర కాదు, పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. అక్కడి నుండి మక్కాకు దూరం సుమారు 4,070 కి.మీ.

మార్గం

మహావృత్త రేఖ హైదరాబాదు నుండి గుల్బర్గా (ప్రస్తుత కలబురగి), షోలాపూరుల పరిసరాల మీదుగా పోయి, ముంబైకి దక్షిణాన కొంకణ తీరం వద్ద అరేబియా సముద్రంలో ప్రవేశిస్తుంది. అనగా షోలాపూరు వరకు ఇది పాతకాలపు యాత్రికులు రైలులో వెళ్ళిన దారికి దగ్గరగానే ఉంటుంది. సముద్రాన్ని దాటిన తరువాత ఒమాన్ తీరంలోని మసీరా దీవిని సమీపిస్తుంది. ప్రయాణంలో దాదాపు సరిగ్గా సగం దూరం ఇక్కడికి పూర్తవుతుంది. తరువాత రుబ్ అల్ ఖాలీ ఎడారి మీదుగా, తాయిఫ్ పరిసరాలను దాటి జెద్దా చేరుతుంది.

విమానాలు సరిగ్గా ఈ రేఖ మీదనే ఎగరవు. గగనతలంలో నిర్ణయించిన మార్గాలను, నియంత్రణ కేంద్రాల ఆదేశాలను, వాతావరణాన్ని అనుసరించి కొంత అటు ఇటుగా పోతాయి. అందువల్ల వాస్తవంగా ఎగిరే దూరం 4,130 కి.మీ. కన్నా కొంత ఎక్కువే ఉంటుంది. ఎదురెదురుగా వచ్చే విమానాలు ఢీకొనకుండా తూర్పుకు పోయేవాటికి 35,000, 37,000 అడుగుల వంటి బేసి ఎత్తులను, పడమరకు పోయేవాటికి 34,000, 36,000 అడుగుల వంటి సరి ఎత్తులను కేటాయిస్తారు.

ఈ రేఖ పాకిస్తాన్‌ను తాకదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసినపుడు ఢిల్లీ నుండి పడమటికి పోయే అనేక విమానాలు చుట్టు తిరిగి వెళ్ళవలసి వచ్చినది. హైదరాబాదు - జెద్దా తిన్నని మార్గం మాత్రం దానికి దక్షిణంగానే ఉన్నది.

ప్రయాణ కాలం, గాలులు

ప్రయాణ కాలం ఇరువైపులా ఒకటిగా ఉండకపోవడానికి భూభ్రమణమే కారణమని కొందరు భావిస్తారు. భూమి పడమర నుండి తూర్పుకు తిరుగుతున్నది కనుక పడమరకు పోయే విమానానికి గమ్యం ఎదురు వస్తుందని, అందువల్ల త్వరగా చేరాలని వారి తర్కం. ఇది సరి కాదు. భూమితో పాటు వాతావరణం, నేలమీద నిలిచి ఉన్న విమానం కూడా తిరుగుతూనే ఉంటాయి. కదిలే రైలులో పైకి విసిరిన బంతి తిరిగి చేతిలోనే పడటం వంటిదే ఇది. నిజానికి పడమరకు పోయే ప్రయాణమే ఎక్కువసేపు పడుతున్నది.

అసలు కారణం భూమికి పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున వీచే గాలులు. శీతాకాలంలో అరేబియా, ఉత్తర భారతదేశాల మీదుగా ఉపోష్ణ పశ్చిమ జెట్ స్ట్రీమ్ బలంగా వీస్తుంది. దాని ప్రభావం వల్ల జెద్దాకు పోయే విమానానికి ఎదురుగాలి, హైదరాబాదుకు వచ్చే విమానానికి తోడుగాలి లభిస్తాయి.

ఉదాహరణకు గాలిలో విమానపు వేగం గంటకు 850 కి.మీ., పశ్చిమ గాలి వేగం గంటకు 80 కి.మీ. అనుకొంటే, 4,130 కి.మీ. దూరానికి ఎగిరే కాలం దాదాపు ఈ విధంగా ఉంటుంది.

గాలి లేనపుడు, ఏ వైపుకైనా: 4 గంటల 52 నిమిషాలు
ఎదురుగాలిలో, హైదరాబాదు నుండి జెద్దాకు (వేగం 770 కి.మీ.): 5 గంటల 22 నిమిషాలు
తోడుగాలిలో, జెద్దా నుండి హైదరాబాదుకు (వేగం 930 కి.మీ.): 4 గంటల 27 నిమిషాలు

రెండు దిశల మధ్య తేడా 55 నిమిషాలు. రానుపోను మొత్తం కలిపితే గాలి లేనపుడు 9 గంటల 44 నిమిషాలు, గాలి ఉన్నపుడు 9 గంటల 49 నిమిషాలు. అనగా తోడుగాలి ఇచ్చే లాభం ఎదురుగాలి కలిగించే నష్టాన్ని పూర్తిగా తీర్చదు. ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు గడుపుటయే ఇందుకు కారణం. రన్‌వే వరకు నడిచే సమయం, పైకి ఎక్కి దిగే సమయంలోని తక్కువ వేగం కూడా చేరుస్తారు కనుక, టికెట్టుపై కనిపించే కాలం ఇంకా ఎక్కువగా ఉంటుంది.

వేసవిలో ఈ పశ్చిమ జెట్ స్ట్రీమ్ హిమాలయాలకు ఉత్తరంగా జరిగిపోతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు దక్షిణ భారతదేశం మీదుగా, చాలా ఎత్తున, తూర్పు నుండి పడమరకు వీచే ఉష్ణమండల తూర్పు జెట్ స్ట్రీమ్ ఏర్పడుతుంది. దీనిని గురించి 1958లో ప్రకటించిన పరిశోధనతో ప్రపంచ ప్రసిద్ధి పొందినవాడు తెలుగువాడైన వాతావరణ శాస్త్రజ్ఞుడు పంచేటి కోటేశ్వరం. ఈయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా కూడా పనిచేశాడు. ఋతువుతో పాటు గాలులు ఇలా మారడం వల్ల రెండు దిశల ప్రయాణ కాలాల మధ్య వ్యత్యాసం వేసవిలో తగ్గుతుంది.

హజ్ చాంద్రమానాన్ని అనుసరించి జరుగుతుంది కనుక ప్రతి సంవత్సరం సుమారు 11 రోజులు ముందుకు వస్తుంది. సుమారు 33 సంవత్సరాలలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. 2006లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరొకసారి హజ్ జరిగినది. 2025లో జూన్ నెలలో జరిగినది. అందువల్ల హజ్ విమానాలు ఒక దశాబ్దంలో శీతాకాలపు గాలులను, మరొక దశాబ్దంలో వేసవి గాలులను ఎదుర్కొంటాయి.

గడియారాల తేడా

భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై, సౌదీ అరేబియా కాలం 45 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఆధారపడి ఉన్నాయి. వీటి మధ్య తేడా 37.5 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 150 నిమిషాలు, అనగా రెండున్నర గంటలు. హైదరాబాదులో మధ్యాహ్నం 12:00 అయినపుడు జెద్దాలో ఉదయం 9:30 అవుతుంది.

టికెట్టుపై బయలుదేరే వేళ, చేరే వేళ ఆయా ఊళ్ళ స్థానిక కాలంలోనే ముద్రిస్తారు. హైదరాబాదులో తెల్లవారుజామున 4:00 గంటలకు బయలుదేరిన విమానం 5 గంటల 45 నిమిషాలు ప్రయాణిస్తే జెద్దాలో ఉదయం 7:15కు దిగుతుంది. చూపుకు ఇది 3 గంటల 15 నిమిషాల ప్రయాణం వలె కనిపిస్తుంది. జెద్దాలో రాత్రి 10:00 గంటలకు బయలుదేరి 5 గంటల 10 నిమిషాలు ప్రయాణిస్తే హైదరాబాదులో మరునాడు ఉదయం 5:40 అవుతుంది. ఇది 7 గంటల 40 నిమిషాల ప్రయాణం వలె కనిపిస్తుంది. అసలు కాలం తెలియాలంటే రెండు వేళలనూ ఒకే గడియారంలోనికి మార్చుకొని తీసివేయవలెను. తేదీ మారడం గమనించక విమానాశ్రయానికి ఒక రోజు ముందో, వెనుకో వెళ్ళే పొరపాటుకు కూడా ఇక్కడే అవకాశమున్నది.

రంజాన్ మాసంలో పగటిపూట ప్రయాణించే ఉపవాసకులకు మరొక విషయం ముఖ్యం. రెండు విమానాశ్రయాల మధ్య రేఖాంశ వ్యత్యాసం 39 డిగ్రీలకు పైగా ఉన్నందున సూర్యుని బట్టి చూస్తే సుమారు 157 నిమిషాల తేడా ఉన్నది. పడమరకు పోయేవారికి పగలు ఆ మేరకు పెరుగుతుంది, తూర్పుకు వచ్చేవారికి తరుగుతుంది. మధుమేహం వంటి వ్యాధులకు వేళ ప్రకారం మందులు వాడేవారు కూడా ఈ మార్పు గురించి బయలుదేరే ముందే వైద్యుని అడిగి తెలుసుకొనుట మంచిది.

ఇహ్రాం, ప్రయాణ కాలం

హజ్, ఉమ్రాలకు మక్కా వెళ్ళేవారు మీఖాత్ అనే హద్దును దాటకముందే ఇహ్రాం ధరించి సంకల్పం చెప్పుకోవలెను. ఓడలలో వెళ్ళే భారతీయులకు యలమ్‌లమ్ అనే మీఖాత్ ప్రసిద్ధి. విమానమార్గం తాయిఫ్ సమీపంలోని ఖర్న్ అల్ మనాజిల్ పరిసరాల మీదుగా పోతుంది. ఇది జెద్దా విమానాశ్రయానికి సుమారు 130 కి.మీ. తూర్పున ఉన్నది. విమానం ఈ దూరాన్ని దిగే క్రమంలో సుమారు 15 - 20 నిమిషాలలో దాటివేస్తుంది. ఓడలో రోజుల తరబడి సిద్ధమయ్యే అవకాశం ఉండగా విమానంలో అది నిమిషాలకు తగ్గిపోయినది. నిద్రలో ఉండి హద్దు దాటినవారు పరిహారంగా దమ్ అనే బలి ఇవ్వవలసి రావచ్చును. అందువలన నేరుగా మక్కాకు వెళ్ళే పురుషులు చాలామంది హైదరాబాదులోనే ఇహ్రాం వస్త్రాలు ధరించి, మీఖాత్ సమీపించినదని విమానంలో ప్రకటించినపుడు సంకల్పం చెప్పుకొంటారు. ముందుగా మదీనాకు వెళ్ళేవారికి ఈ తొందర లేదు. హైదరాబాదు నుండి మదీనాకు ఆకాశదూరం సుమారు 4,090 కి.మీ.

విమానాశ్రయాలు

2008 మార్చి వరకు హైదరాబాదు విమానాశ్రయం నగరానికి ఉత్తర భాగంలోని బేగంపేటలో ఉండేది. 2008 మార్చి 23న శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుండి రాకపోకలు మొదలైనవి. దీని ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. చార్మినారు నుండి బేగంపేట తిన్నగా సుమారు 10 కి.మీ., శంషాబాదు విమానాశ్రయం సుమారు 14 కి.మీ. దూరంలో ఉన్నాయి. రోడ్డుపై చార్మినారు నుండి శంషాబాదు విమానాశ్రయం సుమారు 20 కి.మీ. ఉంటుంది. దూరం పెరిగినా, పాతబస్తీ వారు ఇపుడు విమానానికై మూసీనది దాటవలసిన అవసరం లేదు. హజ్ సమయంలో యాత్రికులు నాంపల్లిలోని హజ్ హౌస్‌లో సమావేశమై బస్సులలో విమానాశ్రయానికి బయలుదేరుతారు.

జెద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ అంతర్జాతీయ విమానాశ్రయం 1981లో ప్రారంభమైనది. ఇక్కడ యాత్రికులకై ప్రత్యేకంగా హజ్ టెర్మినల్ ఉన్నది. గుడారాలను పోలిన దీని పైకప్పు టెఫ్లాన్ పూసిన ఫైబర్ గ్లాసు వస్త్రంతో చేసినది. ఈ కట్టడానికి 1983లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించినది. మక్కాలో విమానాశ్రయం లేదు. జెద్దా విమానాశ్రయం నుండి మక్కా తిన్నగా సుమారు 75 కి.మీ. బస్సులతో పాటు 2018లో ప్రారంభమైన హరమైన్ రైలు కూడా మక్కా, జెద్దా, మదీనాలను కలుపుతున్నది.

నేరు ప్రయాణం, మార్పు ప్రయాణం

హైదరాబాదు నుండి గల్ఫ్ ప్రాంతపు ముఖ్య నగరాలకు ఆకాశదూరాలు, గడియారపు తేడాలు ఇవి.

దుబాయి: సుమారు 2,550 కి.మీ., 1 గంట 30 నిమిషాలు
దోహా: సుమారు 2,910 కి.మీ., 2 గంటల 30 నిమిషాలు
కువైట్: సుమారు 3,370 కి.మీ., 2 గంటల 30 నిమిషాలు
రియాద్: సుమారు 3,390 కి.మీ., 2 గంటల 30 నిమిషాలు
జెద్దా: సుమారు 4,130 కి.మీ., 2 గంటల 30 నిమిషాలు

ఐరోపాలో లండను నుండి ఇస్తాంబుల్ వరకు సుమారు 2,500 కి.మీ. అనగా ఆ ఖండాన్ని దాదాపు ఒక కొన నుండి మరొక కొనకు దాటే దూరం హైదరాబాదు నుండి దుబాయికి ఉన్న దూరానికి సమానం.

దుబాయిలో విమానం మారి జెద్దాకు వెళితే దూరం మొత్తం సుమారు 4,240 కి.మీ. నేరు మార్గంకన్నా ఇది సుమారు 110 కి.మీ. మాత్రమే ఎక్కువ. గాలిలో ఈ అదనపు దూరానికి పది నిమిషాలైనా పట్టవు. కానీ రెండుసార్లు ఎక్కి దిగడం, తరువాతి విమానానికి వేచి ఉండడం వల్ల ప్రయాణం అనేక గంటలు పెరుగుతుంది. నేరుగా విమానాలు నడిపే సంస్థలు, వేళలు కాలానుగుణంగా మారుతుంటాయి. కనుక వృద్ధులతో ప్రయాణించేవారు దూరాన్ని, టికెట్టు ధరను మాత్రమే కాక, ఇల్లు విడిచినది మొదలు గమ్యం చేరే వరకు పట్టే మొత్తం కాలాన్ని లెక్కించుకొనుట అవసరం. బయటి దేశంలో పనిచేసేవాని రాకకై పాతబస్తీలోని ఇంటిలో ఎదురుచూచేవారికి కూడా ఉపయోగపడేది ఆ లెక్కయే.